పితూరీలోని ఫిర్యాదు



తెలుగులో పితూరీ అన్న మాటకు రెండు బతుకులున్నాయి. ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ పితూరీ చెప్పడమంటే ఒకరి మీద మరొకరికి చాడీ మోయడం, ఫిర్యాదు చేయడం. గోదావరి, విశాఖ మన్యాలకు వెళ్తే అదే మాటకు సర్కారు మీద తిరగబడడం అని అర్థం. రంప పితూరీ, లాగరాయి పితూరీ అంటే ఎవరూ చాడీలనుకోరు. విల్లంబులు, నాటు తుపాకులు, కాలిన పోలీసు ఠాణాలు గుర్తొస్తాయి. ఉర్దూ మీదుగా మన నోళ్లలోకి వచ్చిన ఈ మాట కొండమీద ఒక అర్థంతో, మైదానంలో ఇంకో అర్థంతో ఎందుకు స్థిరపడిందో భాషావేత్తలు చెప్పాలి. నాకు మాత్రం ఈ రెండర్థాలూ ఒకే కథలోని రెండు ఘట్టాల్లా కనిపిస్తాయి. పితూరీ లేవదీసినవాడి దగ్గర ముందు ఒక ఫిర్యాదు ఉంది. ఫలానా పన్ను అన్యాయం, ఫలానా చట్టం మా నోటి దగ్గర కూడు తీస్తోంది, ఫలానా ఉద్యోగి కూలి ఎగ్గొట్టాడు అన్నది ఆ ఫిర్యాదు. వినేవాడు లేకపోయాక అది తిరుగుబాటయింది. మనం తిరుగుబాటును దాచుకుని ఫిర్యాదును పారేసుకున్నాం. ఈ ఉపన్యాసంలో నా వాదన ఇంతే.

అంతగా తెలియని స్వాతంత్ర్య యోధులు అనగానే ఎవరికీ తెలియని పేర్లేవో వెలికితీసి వినిపిస్తారని సభలో కొందరు ఎదురుచూస్తారు. అది కూడా జరగవలసిన పనే. కాని తెలియకపోవడంలో రెండు రకాలున్నాయి. మనిషి పేరే తెలియకపోవడం ఒకటి. పేరు, ఊరు, చనిపోయిన తేదీ అన్నీ తెలిసి, ఆ మనిషి దేనికోసం పోట్లాడాడో తెలియకపోవడం రెండోది. మొదటి రకాన్ని ఒక పుస్తకంతో సరిదిద్దవచ్చు. రెండోది విగ్రహం కట్టిన తరువాత కూడా అలాగే ఉండిపోతుంది. ఒక్కోసారి విగ్రహమే దానికి మూత అవుతుంది. 1857 నుంచి 1947 దాకా ప్రాణాలర్పించినవారి పేర్లతో కేంద్ర ప్రభుత్వం 2019లో అయిదు సంపుటాల అమరవీరుల నిఘంటువును వెలువరించింది. ఎంతో శ్రమతో కూడిన పని, అక్కరకు వచ్చే పని. అయితే దాని ద్వారం మరణం. కాల్పుల్లో పోయాడా, ఉరి పడ్డాడా, జైల్లో చనిపోయాడా అన్నదే అందులో చోటుకు అర్హత. అల్లూరి సీతారామరాజు పక్కన నిలిచి పోరాడిన గాం గంటందొర 1924 జూన్‌లో కాల్పుల్లో పోయాడు కాబట్టి ఆ ద్వారంలోంచి లోపలికి వెళ్తాడు. ఆయన తమ్ముడు మల్లుదొర పట్టుబడి, శిక్ష పడి, అండమాన్ జైలు చూసి, ప్రాణాలతో తిరిగివచ్చాడు కాబట్టి బయటే ఉంటాడు. సర్కారుతో అన్నదమ్ములిద్దరి తగాదా ఒక్కటే.

ఆ తగాదా ఎలాంటిదో తెలియాలంటే ఇంకా వెనక్కి, 1879 నాటి రంపకు వెళ్లాలి. సీతారామరాజు నడిపిన పోరాటానికే రంప పితూరీ అన్న పేరు స్థిరపడిపోవడంతో, దానికి నలభై ఏళ్ల ముందు జరిగిన, విస్తీర్ణంలో తక్కువ కాని మొదటి రంప పితూరీ మరుగున పడింది. రంపకు ఒక మన్సబుదారు ఉండేవాడు. అతని కింద ముఠాలనే ఊళ్ల సముదాయాలు, ముఠాలకు ముఠాదార్లు. 1848లో కుదిరిన ఒప్పందం ప్రకారం ముఠాదార్లు అతనికి ఏడాదికి వెయ్యి రూపాయలు ముట్టజెప్పాలి. కాలం గడిచేకొద్దీ మన్సబుదారు ఆ ఒప్పందాన్ని దాటిపోయాడు. ముఠాలు లాక్కున్నాడు, వంటచెరుకు మీద, మేత మీద వసూళ్లు మొదలుపెట్టాడు. కల్లు చెట్ల మీద చిగురుపన్ను అన్నాడు, అది చాలక దానిమీద మొదలుపన్ను అని మరొకటి వేశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి వాడకానికి కూడా కల్లు గీసుకోరాదని, కల్లు రాబడిని పాటపాడుకున్న కాంట్రాక్టరుదే హక్కని తేల్చింది. కల్లు సంగతేగదా అని మైదానంలో కూర్చుని నవ్వేయవచ్చు. మన్యంలో ఎండాకాలం ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు జీలుగు కల్లు, తాటికల్లే కడుపు నింపేవి. చెట్టు తన పెరట్లోదే, గీసేది తనే, తాగేది తన ఇంటివాళ్లే. అయినా మధ్యలో ఒక కాంట్రాక్టరు వచ్చి నిలబడ్డాడు.

పన్ను, కల్లు కాంట్రాక్టు కాక ఈ బాధకు మూడో పేట ఒకటుంది, అది కోర్టు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు కొండవాళ్లతో తమకు అనుకూలంగా కాగితాలు రాయించుకుని, గడువు తప్పగానే దిగువనున్న కోర్టుల్లో దావాలు వేసేవారు. కొండ దిగి రోజుల తరబడి నడిచి, తెలియని భాషలో తెలియని జడ్జి ముందు నిలబడి జవాబు చెప్పుకోగలవారెవరు? ప్రతివాది రాలేదని ఏకపక్షంగా డిక్రీ వచ్చేది. డిక్రీ వెంట జప్తు, జప్తుకు కాపలాగా పోలీసు. అయిదు రూపాయల బాకీకి వంద రూపాయల విలువచేసే పశువులను, పంటను తోలుకుపోయిన సంఘటన ఒకటి హెమింగ్వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరులోనే ఉంది. అది 1907లో వెలువడిన సర్కారు పుస్తకం. తిరుగుబాటుదార్ల పక్షాన రాసింది కాదు. మన్సబుదారు పన్ను, ఆబ్కారీ కాంట్రాక్టు, దిగువ కోర్టు డిక్రీ ఈ మూడూ ఒకే తాడుగా పేనుకున్నప్పుడు, 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో పోలీసుల మీద దాడితో పితూరీ మొదలైంది. ద్వారబందాల చంద్రయ్య, కారం తమ్మనదొర, అంబుల్‌రెడ్డి దానికి నాయకులు. అటు భద్రాచలం వైపు, ఇటు విశాఖ జిల్లా గొలుగొండ వైపు మంట పాకింది. మద్రాసు పదాతి దళాలు, సాపర్లు, హైదరాబాద్ కంటింజెంటు నుంచి అశ్వికులు దిగినా అది చల్లారడానికి ఏడాదిన్నర పట్టింది. చంద్రయ్య, తమ్మనదొర ఇద్దరూ 1880లో హతులయ్యారు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది, రావాలి కూడా. ఇది మన్సబుదారు మీద తిరుగుబాటు గదా, అతడు మనవాడే గదా, దీన్ని వలసపాలన మీద పోరాటమని ఎలా అంటాం? నా జవాబు ఆ మన్సబుదారు బలం ఎక్కడిదో చూడమని. అతని గద్దెను గుర్తించింది కంపెనీ. అతని వసూళ్లకు అడ్డు తగిలినవాణ్ణి పట్టుకుపోయింది సర్కారు పోలీసు. చిగురుపన్నుకు తోడు కల్లు మీద గుత్తహక్కు సృష్టించింది మద్రాసు చట్టం. జప్తు వారంటు ఇచ్చింది సర్కారు కోర్టు. పితూరీదార్లు మన్సబుదారు కచేరీని వదిలి ముందు పోలీసు ఠాణాల మీద పడడంలో వాళ్ల అవగాహన ఉంది. తమను కొడుతున్న చెయ్యి ఎవరిదో, ఆ చేతిలోని కర్ర ఎవరిదో వాళ్లు వేరుచేసి చూడగలిగారు. అంతకన్నా రాజకీయ జ్ఞానం కోరడం మైదానపు చదువరుల పేరాశ.

వాళ్ల ఫిర్యాదులో నిజముందనడానికి సాక్ష్యం కోసం వాళ్ల వారసుల జ్ఞాపకాల దాకా పోనక్కర్లేదు. ప్రభుత్వం విచారణకు పంపిన సలివాన్, మన్సబుదారు దోపిడీనీ కల్లు కాంట్రాక్టు పద్ధతినీ కారణాలుగా తేల్చాడు. ఆ తరువాత మన్సబుదారును తొలగించారు, ముఠాదార్లకు నేరుగా సనదులిచ్చారు, కల్లు పన్ను ఎత్తేశారు, రంపను మైదానపు మామూలు చట్టాల నుంచి విడదీసి ఏజెన్సీ పాలన కింద పెట్టారు. మనుషులను చంపి వాళ్ల కోరికలు తీర్చారన్నమాట. వలస ప్రభుత్వాలకు ఇది కొత్త విద్య కాదు. కాని చరిత్రకారుడికి ఇదొక ఆధారం. సర్కారు పత్రాలన్నీ పాలకులు రాసుకున్నవే గదా, వాటి నుంచి కొండవాళ్ల మనసు ఎలా తెలుస్తుందని అడిగేవారున్నారు. పోలీసు నివేదిక చంద్రయ్యను దోపిడీదొంగ అంటుంది. ఆ మాటను నమ్మనక్కర్లేదు. అదే ప్రభుత్వం ఆ తరువాత ఏ పన్ను ఎత్తేసిందో, ఎవరిని గద్దె దించిందో చూస్తే ఫిర్యాదు ఏమిటో దానంతట అదే బయటపడుతుంది. తిట్టు రాసిన చెయ్యే పరిహారం కూడా రాసింది.

ఇప్పుడు పల్నాడుకు రండి. ఇది మన్యం కాదు, కొండజాతుల కథా కాదు. వానలకు అంతగా నోచుకోని, రాతినేలల, చిట్టడవుల గుంటూరు పడమటి సీమ. అక్కడి రైతుకు నాగలి ఎంతో మందా అంతే. ఒక ఏడు పంట పోయినా పశువులుంటే ఇల్లు నిలుస్తుంది. పశువులకు మేత అడవిలో. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఆ అడవికి గీతగీసింది. చట్టం పని చేసే తీరు చాలా సాఫీగా ఉంటుంది. ఫలానా ప్రాంతాన్ని రిజర్వు చేయదలచామని గెజిటులో ప్రకటన వస్తుంది. అక్కడ దారి హక్కు, నీటి హక్కు, మేత హక్కు ఉన్నవాళ్లు గడువులోగా సెటిల్‌మెంటు అధికారి ముందు హాజరై చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే హక్కు రద్దు. తాతలనాటి నుంచి ఆవులను తోలుకుపోతున్న బాటకు ఒక అర్జీ కావాలని ఏ కాపరికి తోస్తుంది? గడువు దాటాక అదే బాటలో నడిచిన ఆవు అక్రమంగా చొరబడ్డ ఆవు అవుతుంది. గార్డు దాన్ని బందెలదొడ్డికి తోలుతాడు. విడిపించుకోవడానికి జరిమానా, గార్డుకు మామూలు, పోయిన రోజు కూలి. ఇవన్నీ తప్పించుకోవాలంటే పశువుకింతని పుల్లరి కట్టి చీటీ తీసుకోవాలి. ఈ గోస మద్రాసు ప్రభుత్వానికి తెలియనిది కూడా కాదు. అటవీ శాఖ కింది ఉద్యోగుల వేధింపుల మీద ఫిర్యాదులు పోగుపడి, 1913లో ఒక అటవీ కమిటీ కూర్చుని, మేత భూములను గ్రామ పంచాయతీలకు అప్పగించవచ్చునని సిఫారసు చేసింది. సిఫారసు అచ్చయింది, పుల్లరి నడిచింది.

1921లో సహాయ నిరాకరణ మాట పల్నాడు చేరినప్పుడు అక్కడి రైతులకు దాన్ని ఎవరూ వ్యాఖ్యానించి చెప్పవలసిన పని లేకపోయింది. కోర్టులను, కాలేజీలను బహిష్కరించమని పట్టణాల్లో చెబుతున్న రోజుల్లో వీళ్లు తాము రోజూ కట్టే పుల్లరిని బహిష్కరించారు. ఉద్యోగులకు ఊళ్లలో పాలూ కూరా కూడా దొరకనివ్వలేదు. విచారించి రమ్మని గుంటూరు కాంగ్రెసు పంపిన ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారి అరెస్టయ్యారు. ఆ జైలుశిక్ష కాలంలోనే ఉన్నవ మాలపల్లి నవల రాశారని సాహిత్య విద్యార్థులందరికీ తెలుసు. ఆయన జైలుకు ఎందుకు వెళ్లారని అడిగితే మాత్రం జవాబు అంత త్వరగా రాదు. ఈ పల్నాడులోనిదే రైతు కన్నెగంటి హనుమంతు కథ. మించాలపాడు రైతులు పుల్లరి కట్టేది లేదన్నారు. 1922 ఫిబ్రవరిలో వసూలుకూ జప్తుకూ తుపాకులతో దిగిన పోలీసుల కాల్పుల్లో హనుమంతు, ఆయనతో పాటు మరికొందరు ఊరివాళ్లు చనిపోయారు. ఆయన మీద పాటలున్నాయి, నాటకాలున్నాయి. ఆయన ఒంట్లో దిగిన తూటాల లెక్క ఒక్కో కథనంలో ఒక్కోలా వినిపిస్తుంది. పశువుకు పుల్లరి ఎంతో, ఎవరి మంద ఎన్నిసార్లు బందెలదొడ్డికి పోయిందో ఆ లెక్క కథనాల్లో వెతికినా దొరకడం అరుదు. తూటాల లెక్క ఎవరికి కావాలి? కాల్చినవాడు దాన్ని దాచుకోడు. పుల్లరి లెక్కలోనే చనిపోయినవాడి మాట ఉంది.

ఈ మరుపుకు తేదీలు కూడా తోడ్పడ్డాయి. ఆ ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో హింస చెలరేగింది. దాంతో 12న బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గం సామూహిక శాసనోల్లంఘనను నిలిపివేసింది. అదే గుంటూరు జిల్లాలో, పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేనతో నడిపిన పన్నుల నిరాకరణ ఆ నెలలోనే ఆగిపోయింది. కరణాలు, మునసబులు రాజీనామాలిచ్చి సర్కారు వసూలు యంత్రాన్నే స్తంభింపజేసిన ఉద్యమం అది. హనుమంతు పోయింది అదే నెల నాలుగో వారంలో, అంటే బార్డోలీ నిర్ణయం తరువాత. దేశపు పంచాంగంలో ఉద్యమం వాయిదా పడ్డాక ఒక ఊరు ఇంకా పోట్లాడుతూ ఉండిపోయింది. జాతీయోద్యమ చరిత్రను తీర్మానాల వరసలో రాసేవారికి ఆ చావు ఒక అధ్యాయానికీ రెండో అధ్యాయానికీ నడుమ ఖాళీలో పడుతుంది. బార్డోలీ నిర్ణయం తప్పో ఒప్పో తేల్చడం నా పని కాదు. గాంధీజీ దానికి చెప్పిన కారణాలు బలమైనవే. కాని వాయిదా వేయగలిగేది పిలుపునే. పుల్లరి వాయిదా పడలేదు, జప్తు వాయిదా పడలేదు. తీర్మానానికి ముందే పుట్టిన తగాదా తీర్మానంతో ఎలా ఆగుతుంది? పాలకులు మాత్రం ఈ పోరాటాలను విడివిడిగా చూడలేదు. ఆ రోజుల్లో గుంటూరు కలెక్టరుగా పెదనందిపాడు, పల్నాడుల సంగతి చూసిన రూథర్‌ఫర్డునే 1924లో సీతారామరాజు మీద చర్యలకు ప్రత్యేక కమిషనరుగా మన్యానికి పంపారు. శాంతిసేనకూ మన్యపు విల్లంబులకూ నడుమ మనం ఎంతో దూరం చూస్తాం. మద్రాసు సచివాలయానికి అంత దూరం కనపడలేదు.

ఫిర్యాదు కూడా గుర్తుండిపోయిన పోరాటం లేదా అంటే, ఉంది. అదే జిల్లాలో, అవే రోజుల్లో చీరాల పేరాల. ఎందుకు జరిగిందని తెలుగునాట ఏ చదువుకున్నవారిని అడిగినా మునిసిపాలిటీ పన్ను అని ఠక్కున చెబుతారు. ఊరు విడిచి పాకలు వేసుకుని నెలల తరబడి రామనగర్‌లో ఉన్నారని, అంతకుముందు గాంధీజీ వచ్చి వెళ్లారని కూడా చెబుతారు. కారణం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో చదివి వచ్చినవాడు, మాటకారి, కవి, రామదండు అనే వాలంటీరు దళాన్ని నడిపినవాడు. ఫిర్యాదును ఆయన సభల్లో వినిపించాడు, పత్రికలు అచ్చువేశాయి. పల్నాడు కాపరికి ఆ నోరు లేదు, రంప కొండదొరకు అసలే లేదు. అందువల్ల చీరాలకు కారణంతో సహా చరిత్ర మిగిలింది, వీళ్లకు వీరగాథ మిగిలింది. వీరగాథలో కారణాలు అక్కర్లేదు. శత్రువు చెడ్డవాడైతే చాలు.

ఇక నా వాదనకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం. ఫిర్యాదుల మీద ఇంత దృష్టి పెడితే యోధులు చిన్నవాళ్లయిపోరా? ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పోరాటాన్ని పింఛను తగాదా అని తేల్చిన వారున్నారు. నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛను, నొస్సం జమీ వంశం వారి పింఛనులో వాటా రాలేదన్న కినుక, దానికోసం 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద దాడి అని వాళ్ల కథనం. దీనికి ఉలిక్కిపడి, అబ్బే పింఛను మాటే లేదు, అంతా దేశభక్తే అని కప్పిపుచ్చడం మన పాత అలవాటు. కప్పిపుచ్చనక్కర్లేదు. పింఛను తగాదా నిజమే. ఒక్క పాళెగాడి పింఛను కోసం వేలమంది ప్రాణాలొడ్డి వెంట నడుస్తారా అన్నది అడగవలసిన ప్రశ్న. వెంట నడిచినవారిలో కట్టుబడి బంట్రోతులు చాలామంది. ఊరి కాపలాకు ప్రతిఫలంగా అనుభవిస్తున్న ఇనాం భూములను కంపెనీ ప్రభుత్వం వాపసు తీసుకుంటున్నప్పుడు వాళ్లకు అది పింఛను కన్నా పెద్ద దెబ్బ. రెడ్డి ఫిర్యాదు ఒకటి, కట్టుబడివాడి ఫిర్యాదు ఇంకొకటి. రెండింటినీ కలిపింది, ఒప్పందాలన్నీ ఒకే పక్షం రాసి ఒకే పక్షం చెరిపే పాలన. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ని బహిరంగంగా ఉరితీసి, తలను మూడు దశాబ్దాల పాటు కోటగుమ్మానికి వేలాడదీశారు. పదకొండు రూపాయల తగాదాకు అంత శిక్ష వేయరు. తగాదా ఎంత పెద్దదో శిక్ష వేసినవాళ్లే కొలిచి చూపించారు.

నాయకుల స్వార్థం గురించి ఇంకో మాట దాచకుండా చెప్పాలి. రంపలో పితూరీ ఫలం ముఠాదార్లకు సనదుల రూపంలో దక్కింది. పోడు కొట్టుకునే సామాన్యుడికి అంత దక్కలేదు. తరువాత కాలంలో ముఠాదారే రైతు నెత్తిన భారమైన సందర్భాలున్నాయి. ఫిర్యాదును చదవమని నేను చెప్పడంలో ఇదీ ఒక కారణం. త్యాగాన్ని మాత్రమే చూస్తే అందరూ ఒక్క రంగులో కనిపిస్తారు. ఫిర్యాదులోకి వెళ్తే ఎవరిది ఏ కష్టమో, ఎవరి గొంతు పైకి వినిపించిందో, ఎవరిది అణగిపోయిందో విడివిడిగా తెలుస్తుంది.

స్థానిక కష్టం మీద లేచినవాడికి దేశం, స్వరాజ్యం అన్న ఊహ ఎక్కడిదన్నది మరో అభ్యంతరం. దీనికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. అది నా వాదనకు సాయం చేస్తూనే దాన్ని ఇబ్బంది కూడా పెడుతుంది. 1900లో సాలూరు వైపు కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అనే కొండదొర తాను పాండవుల్లో ఒకడి అవతారమని, పసికందైన తన కొడుకు కృష్ణుడని ప్రకటించాడు. ఇంగ్లీషువాళ్లను వెళ్లగొట్టి తానే రాజ్యమేలుతానన్నాడు. వెదురుబొంగులు తుపాకులవుతాయని, సర్కారు ఆయుధాలు నీరైపోతాయని నమ్మబలికాడు. వేలమంది చేరి, బొంగులను తుపాకుల్లా చెక్కుకుని కవాతు చేశారు. పోలీసులు కాల్చారు, కొందరు నేలకొరిగారు, మల్లయ్య జైల్లో పోయాడు. విశాఖ జిల్లా గెజిటీరులో ఇదొక వింత ముచ్చటలా ఉంటుంది. ఇందులో చిగురుపన్ను లాంటి స్పష్టమైన ఫిర్యాదు కనపడదు, ఒప్పుకుంటాను. ప్రతి పితూరీనీ ఒక పన్ను రసీదుకు కుదించలేమని మల్లయ్య గుర్తుచేస్తాడు. కాని స్థానికులకు దేశపు ఊహ లేదన్నవారికి కూడా ఆయన దగ్గర జవాబుంది. లాహోర్ కాంగ్రెసు పూర్ణ స్వరాజ్యం అడగడానికి ఇరవై తొమ్మిదేళ్ల ముందు, ఇంగ్లీషువాణ్ణి పూర్తిగా పంపేయాలని ఒక కొండదొర అన్నాడు. ఆయన నిబంధనావళి మహాభారతం. అంతకుమించిన రాజ్యాంగ గ్రంథం ఆయన చేతికి ఎవరిచ్చారు?

ఇంతా చెప్పాక, ఫిర్యాదును మనం ఎందుకు పారేసుకున్నామన్న ప్రశ్న మిగిలే ఉంది. నోరులేని జనం, తీర్మానాల పంచాంగం, అచ్చుయంత్రం దూరం కావడం కొంతవరకే కారణాలు. వాటికన్నా ఇబ్బందికరమైనది ఒకటుంది. త్యాగం ముగిసిపోయిన విషయం. దానికి పూలదండ వేయవచ్చు, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఫిర్యాదు ముగియలేదు. హనుమంతు ప్రాణం తీసిన పుల్లరికి పునాది అయిన 1882 నాటి మద్రాసు అటవీ చట్టం 1947 ఆగస్టు 15న పోలేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడూ పోలేదు, ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడూ పోలేదు. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చేదాకా అమలులో ఉంది. వచ్చిన కొత్త చట్టంలో కూడా గెజిటు ప్రకటన, గడువు, సెటిల్‌మెంటు అధికారి అన్న పాత చట్రం అలాగే నిలిచింది. ముఠాదారీ రద్దయింది 1969లో. అడవిలో మేత, చిన్నతరహా అటవీ ఉత్పత్తులు అక్కడి జనం హక్కులని పార్లమెంటు ఒప్పుకున్న అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. అంటే హనుమంతు అడిగినదాన్ని హక్కని చట్టం పలకడానికి ఆయన పోయాక ఎనభై నాలుగేళ్లు, అందులో యాభై తొమ్మిదేళ్లు మన సొంత పాలనలో. ఈ లెక్క ముందుంటే విగ్రహానికి దండ వేసే చెయ్యి కాస్త తడబడుతుంది. తడబడాలనే నా కోరిక.

మన అడవులు లేకుండా పోకూడదు గదా, ఆ చట్టాల వల్లనే ఈమాత్రమైనా మిగిలాయి గదా అనేవారున్నారు. అడవికి కాపలా అక్కర్లేదని రంపలోగాని పల్నాడులోగాని ఎవరూ అనలేదు. కాపలా పేరుతో వంటచెరుకు మోసేవాణ్ణి పట్టుకుని, టేకు దుంగలు కొట్టే కాంట్రాక్టరుకు పర్మిటు ఇచ్చే పద్ధతి మీదే వాళ్ల తగాదా. ఊరి పంచాయతీకే అడవి అప్పగించమన్న ఆలోచన 1913 కమిటీది. అది ఎవరో విప్లవకారుడు రాసింది కాదు.

మొదట్లో చెప్పిన గాం మల్లుదొర దగ్గరికే తిరిగి వస్తాను. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లచేత చాలీచాలని కూలికి రోడ్డు పనులు చేయించిన రోజుల్లో, బట్టిపనుకుల నుంచి అన్న గంటందొరతో పాటు పితూరీలో దిగినవాడాయన. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా మూడు రోజులు దాడులు చేసి తుపాకులు పట్టుకెళ్లిన దండులోనివాడు. స్వతంత్ర భారతంలో మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నెగ్గి 1952లో లోక్‌సభలో కూర్చున్నాడు. సర్కారు ఠాణా మీద దాడి చేసి శిక్ష అనుభవించిన కొండదొరను జనం ఓటేసి శాసనాలు చేసే సభకు పంపారు. ఆయన ఆ సభలో ఉన్న అయిదేళ్లూ మద్రాసు అటవీ చట్టం అమలులోనే ఉంది.

ఈ సభలోని పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. ఇకముందు మీలో ఎవరైనా ఇలాంటి ఒక యోధుడి మీద వ్యాసం రాస్తే, ఉరి ఎక్కడ వేశారో, తూటా ఎక్కడ తగిలిందో రాసే ముందు ఆ ఏడు ఆ ఊరి జమాబందీ, పుల్లరి, జప్తు కాగితాలు జిల్లా రికార్డుల్లో వెతకండి. ఊరివాళ్లు రాయి వేయిస్తామని మాట రాసిమ్మని మీ దగ్గరకు వస్తే, చనిపోయిన తేదీ కింద ఆ పన్ను పేరు కూడా చెక్కించమని చెప్పండి.